హాల్లె భోజనపు బల్ల: ఔగుస్ట్ హెర్మన్ ఫ్రాంకె జీవితము

మన తాతల కాలమున బీద విద్యార్థి చదువుకొనవలెనన్న వారములు చేసికొనెడివాడు. సోమవారము ఒకరి యింట, మంగళవారము మరియొకరి యింట భుజించి, అరుగు మీద పండుకొని చదువు సాగించి, పిమ్మట గొప్పవారైన పెద్దలు మన ఆంధ్రదేశమున ఎందరో యుండిరి. జర్మనీ దేశమునను దాదాపు ఇట్టి ఆచారమే యుండెడిది. మార్టిన్ లూథరు బాలుడుగా నున్నప్పుడు ఐసెనాఖ్ పట్టణపు వీధులలో ఇంటింటి ముందర పాటలు పాడి రొట్టె సంపాదించుకొనెను. లూథరు మరణించిన నూట యేబది సంవత్సరములకు, ఆ లూథరన్ సంఘమునకే చెందిన ఒక ఆచార్యుడు, బీద విద్యార్థులు ఇల్లిల్లు తిరుగు అగత్యము లేకుండ ఒక్కచోట బల్ల వేసి వారిని కూర్చుండబెట్టెను. ఆయన పేరు ఔగుస్ట్ హెర్మన్ ఫ్రాంకె. ఆ బల్ల వేయబడిన చోటు హాల్లె పట్టణము. అక్కడి విశ్వవిద్యాలయము అప్పటికి రెండేండ్ల పసిబిడ్డ.

మన వారముల ఆచారము అన్ని కులముల పిల్లలకును అందినది కాదని మనకు తెలియును. మన సంఘములలోని బాలబాలికలు అనేకులకు మిషను బోర్డింగు పాఠశాలయే అన్నము పెట్టిన యిల్లు. ఆ బోర్డింగు వెనుక ఎవరెవరి అనుభవము కలదో వెదకుచు వెనుకకు నడచినచో, ఆ త్రోవలలో ఒకటి హాల్లె వరకు పోవును. అందుచేత ఫ్రాంకె చరిత్ర మనకు కేవలము పరదేశపు కథ కాదు.

ఫ్రాంకె 1663 మార్చి 22వ తేదీన ఉత్తర జర్మనీలోని ల్యూబెక్ నగరమున జన్మించెను. తండ్రి న్యాయశాస్త్ర పండితుడు. దైవభక్తుడని పేరుపొందిన గోతా ప్రభువగు ఎర్నెస్టు ఆయనను తన కొలువునకు పిలువగా కుటుంబము గోతాకు తరలిపోయెను. 1670లో తండ్రి మరణించునప్పటికి బాలునికి ఏడేండ్లు మాత్రమే. చదువున చురుకైనవాడగుటచే పదునారవ యేటనే విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. మొదట ఎర్‌ఫుర్ట్, పిమ్మట కీల్. తండ్రి లేని బాలుని చదువునకు ధనమెక్కడిది? ల్యూబెక్‌లో షాబెల్ కుటుంబమువారు వేదశాస్త్ర విద్యార్థుల నిమిత్తము ఏర్పరచిన ధర్మనిధి యొకటి యుండెను. దానిని చూచువాడు ఫ్రాంకె మేనమామ. ఆ స్టైపెండుతోనే ఆయన కీల్‌లో చదివెను. కావున పరుల సొమ్ముతో చదువుట యనిన ఏమో, ఇచ్చువారి మాట వినవలసి వచ్చుట యనిన ఏమో ఆయన స్వానుభవమున ఎరుగును.

పిమ్మట హాంబర్గు నగరమున ఎడ్జార్డ్ అను పండితుని యొద్ద కొంతకాలము హీబ్రూ నేర్చి, గోతాకు మరలి వచ్చి, ఇంటియొద్ద కూర్చుండి హీబ్రూ పాత నిబంధనను మొదటినుండి తుదివరకు పలుమారులు చదివెను. 1684లో లైప్‌జిగ్ చేరినప్పుడు, హీబ్రూ నేర్చుకొనగోరిన ఒక విద్యార్థి ఆయనకు తన గదిలో చోటిచ్చెను. అనగా ఫ్రాంకె పాఠము చెప్పి నివాసము సంపాదించుకొనెనన్నమాట. ఇది చిన్న సంగతియే. కాని పండ్రెండు సంవత్సరముల తరువాత హాల్లెలో ఆయన నెలకొల్పిన యేర్పాటునకు ఇదియే విత్తనమని నా తలంపు. చదువరులు దీనిని జ్ఞాపకముంచుకొన గోరుదును.

ఆ కాలపు వేదశాస్త్ర విద్య యెట్టిదనగా, వాదప్రతివాదములందు ఆరితేరిన విద్యార్థి బైబిలును మూల భాషలలో తిన్నగా చదువకయే పట్టా పుచ్చుకొనవచ్చును. 1686లో ఫ్రాంకెయు అతని స్నేహితుడు పాల్ ఆంటనును మరికొందరు యువ పండితులతో కలిసి, ఆదివారమున కూడుకొని, హీబ్రూలో కొంత, గ్రీకులో కొంత చదువుటకు ఒక బైబిలు పఠన మండలి స్థాపించిరి. ప్రారంభమున అది పండితుల భాషాభ్యాసము మాత్రమే. ఫిలిప్ యాకోబ్ స్పేనర్ వంటి భక్తుని ప్రోత్సాహము లభించిన పిమ్మట అందులో ప్రాణము ప్రవేశించెను.

అయితే ఆ మండలిని నడిపినవాని హృదయమునకు మాత్రము ఇంకను నెమ్మది లేకుండెను. 1687లో మరల షాబెల్ స్టైపెండు మీద ల్యూనెబర్గ్ వెళ్లెను. అక్కడ ప్రసంగము చేయవలసినదని అడుగగా, యోహాను సువార్త 20వ అధ్యాయము 31వ వచనమును మూలవాక్యముగా తీసికొనెను. సజీవ విశ్వాసమును గూర్చి చెప్పదలచిన ఆ యువకునికి, ఆ విశ్వాసము తనకే లేదని వ్రాయుచుండగా తోచెను. దేవుడున్నాడా యను సందేహము వరకు పోయెను. ప్రసంగము మానుకొనుట మేలని నిశ్చయించుకొనబోవుచు, ఆ రాత్రి మోకరించి, తానెరుగని దేవునికే మొరపెట్టెను. మోకాళ్లమీదనుండి లేచునప్పటికి సందేహము తొలగిపోయెనని ఆయన తరువాత వ్రాసికొనెను. కొన్ని దినములకు అదే వాక్యము మీద ప్రసంగించెను. ఆ రాత్రి అనుభవమును అందరికిని కొలబద్దగా చేయుట తగునా యను ప్రశ్న వేరు. ఆయన శిష్యులు కొందరు అట్లు చేసిరి. దాని వలన కొన్ని మనస్సులు నలిగినవి కూడ.

1689లో లైప్‌జిగ్‌కు తిరిగివచ్చి పౌలు పత్రికల మీద పాఠములు చెప్పగా విద్యార్థులు గుంపులుగా వచ్చిరి, పట్టణస్థులును వచ్చిరి. పెద్ద ఆచార్యులకు కోపము వచ్చెను. 1690లో ఆయన పాఠములు నిషేధింపబడినవి. ఎర్‌ఫుర్ట్‌లో సంఘ కాపరిగా చేరగా అక్కడను అదే కథ జరిగెను. 1691 సెప్టెంబరులో, నలుబదియెనిమిది గంటలలో పట్టణము విడిచిపోవలసినదని ఆజ్ఞ వచ్చెను. ఈ నలుబదియెనిమిది గంటల లెక్క ఈ చరిత్రలో మరియొకసారి వచ్చును.

అప్పుడు బ్రాండెన్‌బర్గ్ ప్రభువగు మూడవ ఫ్రెడరిక్ హాల్లెలో ఒక క్రొత్త విశ్వవిద్యాలయమునకు సన్నాహము చేయుచుండెను. బెర్లిన్‌లోనున్న స్పేనర్ మాట సహాయముతో ఫ్రాంకె 1692 జనవరిలో అక్కడికి వచ్చెను. ఇయ్యబడినది గ్రీకు, ప్రాచ్య భాషల ఆచార్య పదవి. జీతము మాత్రము లేదు. జీవనము నిమిత్తము హాల్లె గోడల వెలుపలనున్న గ్లౌఖా యను శివారు గ్రామపు కాపరిత్వము నిచ్చిరి. విశ్వవిద్యాలయము 1694లో లాంఛనముగా ప్రారంభమాయెను. పేరు గొప్పదే కాని, పట్టణము చిన్నది, ఆచార్యులు కొద్దిమంది, వచ్చిన విద్యార్థులలో అనేకులు బీదలు.

గ్లౌఖా పరిస్థితి దయనీయము. 1682వ సంవత్సరపు తెగులు ఆ ఊరి జనులలో అధిక భాగమును కబళించెను. మిగిలిన సుమారు 200 ఇండ్లలో 37 మద్యశాలలని చెప్పుదురు. ప్రతి గురువారము బీదలు భిక్షకై కాపరి గుమ్మమునకు వచ్చెడివారు. ఫ్రాంకె వారిని లోనికి పిలిచి, రొట్టె ఇచ్చుటకు ముందు పిల్లలను ప్రశ్నోత్తరములు అడిగెను. వారికి ఏమియు రాదు. బడికి పొమ్మని రుసుమునకు డబ్బు చేతికిచ్చెను. డబ్బు పోయెను, పిల్లలు బడికి పోలేదు. అప్పుడు తన యింటిలో ఒక ధర్మపు పెట్టె తగిలించెను. 1695వ సంవత్సరము ఈస్టరు సమయమున ఆ పెట్టెలో ఎవరో వేసిన 4 థేలర్ల 16 గ్రోషన్లు కనబడినవి. దీనితో ఒక మంచి పని మొదలుపెట్టవలెనని ఆయన సంతోషించి, ఆనాడే బీదల పాఠశాలకు నాంది పలికెను. రెండు థేలర్లతో 27 పుస్తకములు కొని పిల్లలకు పంచెను. వానిలో తిరిగి వచ్చినవి నాలుగే. తక్కినవి అమ్ముకొనబడినవి! ఆయన విసుగుకొనక మిగిలిన గ్రోషన్లతో మరల పుస్తకములు కొని, ఈసారి చదువు ముగియగానే పుస్తకములు బడిలోనే పెట్టి పోవలెనని నియమించెను. ఇట్టి సంగతులు దాచకుండ వ్రాసికొనుట వలననే ఫ్రాంకె వ్రాతలు నాకు విశ్వసనీయముగా తోచును.

ఆ పాఠశాలకు ఉపాధ్యాయుడు ఎవరు? విశ్వవిద్యాలయపు బీద విద్యార్థి యొకడు. దినమునకు రెండు గంటలు చెప్పవలెను. వారమునకు ఆరు గ్రోషన్ల వేతనము. పాఠశాల, ఫ్రాంకె చదువుకొను గదికి ప్రక్కగది. తరువాత ఆయన చేసిన పనులన్నిటిలోను ఈ మూడును కనబడును: బీద బిడ్డ, బీద విద్యార్థి, వారిద్దరిని కలుపు రెండు గంటల పాఠము.

అదే సంవత్సరమున ఒక కులీన వ్యక్తి 500 థేలర్లు పంపెను; బీదలకు, విశేషముగా బీద విద్యార్థులకు వినియోగింపవలెనని కోరిక. ఫ్రాంకె మొదట వారి అవసరమును బట్టి వారము వారము కొన్ని గ్రోషన్ల చొప్పున చేతికిచ్చెను. కొంతకాలమునకే ఈ పద్ధతిలోని లోపము ఆయనకు కనబడెను. చేతికిచ్చిన నాణెము అన్నము కాకపోవచ్చును. ఇచ్చువానికి పుచ్చుకొనువాడు ముఖపరిచయము లేని పేరుగానే యుండును. అందుచేత 1696లో నగదు మాని బల్లలు వేసెను. మొదట రెండు బల్లలు, ఇరువది నలుగురు విద్యార్థులు. అక్కడ భుజించువారిలోనుండియే బడికి ఉపాధ్యాయులను ఎన్నుకొనెను. విద్యార్థి దినమునకు రెండు గంటలు పాఠము చెప్పును. ఆ దినపు భోజనము అతనికి న్యాయముగా చెందినది. పాఠము చెప్పుటకు వీలు లేని అత్యంత బీదల కొరకు తరువాత వేరు బల్లలును వేసిరి.

మాట భాషాంతరము చేయువానికి ఇక్కడ ఒక చిక్కు కలదు. జర్మను భాషలో ఆ బల్లకు పెట్టిన పేరును ఉచిత భోజనమని తెలుగు చేయవచ్చును. కాని ఉచితము అనగానే మనకు సత్రము తలంపునకు వచ్చును. అది హాల్లెలో జరిగినదానిని చెప్పదు. నేను వేదశాస్త్ర విద్యార్థిగా నున్న దినములలో, మెస్సు బిల్లు కట్టలేనివారి పేర్లు భోజనశాల గోడమీద వ్రాసి తగిలించెడివారు. ఆ కాగితము మీద నా పేరు రెండు నెలలు ఉండెను. అన్నము పెట్టలేదని నేను చెప్పను, పెట్టిరి. కాని ఆ గోడవైపు చూడకుండ తినుట నేర్చుకొంటిని. ఫ్రాంకె బల్లయొద్ద అట్టి కాగితము అవసరము లేకపోయెను. ఏలయనగా అక్కడ కూర్చున్నవాడు ఉదయమున ఏదో ఒక తరగతిలో బిడ్డలకు అక్షరములు దిద్దించి వచ్చినవాడు.

దీనితో మరియొక లాభము చేకూరెను. ఆ కాలమున పాఠము చెప్పుట యనగా చదువు ముగింపలేనివాడు చేపట్టు వృత్తి. దానికి శిక్షణ యనునది లేదు. బల్లయొద్దనున్న విద్యార్థులను ఫ్రాంకె ఉపాధ్యాయ శిక్షణాలయముగా చేసెను. వారికి పర్యవేక్షకుడు ఉండెను. వారు కూడుకొని తమ తరగతులలోని కష్టములు చెప్పుకొనెడివారు. అనుభవజ్ఞులు క్రొత్తవారికి నేర్పెడివారు. 1707లో పై తరగతులకు బోధించువారి నిమిత్తము ఒక ప్రత్యేక శిక్షణ వర్గమును ఏర్పరచిరి. జర్మనీలో ఉపాధ్యాయ శిక్షణ చరిత్ర వ్రాయువారు ఈ భోజనపు బల్లను దాటి పోలేరు.

అనాథ బాలల సంగతి దీనికి తోడుగా నడచెను. 1695లో కొద్దిమంది అనాథలను చేరదీయగా, వారిని చూచుకొనుటకు నియమింపబడినవాడును ఒక విద్యార్థియే, గెయోర్గ్ హైన్రిఖ్ నాయ్‌బౌవర్. 1697లో ఫ్రాంకె ఇతనిని హాలండు దేశమునకు పంపి, అక్కడి అనాథశాలల కట్టడములను, కిటికీలు మొదలుకొని వంటశాల వరకు పరిశీలింపజేసెను. 1698 జూలైలో పెద్ద భవనమునకు పునాదిరాయి వేసిరి. కట్టుటకు డబ్బు ముందుగా చేతిలో లేదు. భవనపు నెత్తిన సూర్యునివైపు ఎగురు రెండు పక్షిరాజులను చెక్కించి, దిగువ యెషయా గ్రంథము 40వ అధ్యాయపు కడపటి వచనమును వ్రాయించిరి. దాని వెనుక క్రమముగా భోజనశాల, గ్రంథాలయము, వైద్యశాల, బడులు, వసతిగృహములు వెలసి, గ్లౌఖా ప్రక్కన మరియొక చిన్న ఊరు పుట్టెను.

ఇంత సంసారమునకు సొమ్ము ఎట్లు వచ్చెను? చందాలు వచ్చినవి, సమయమునకు అందిన కానుకలను గూర్చి ఫ్రాంకె వ్రాసిన పుస్తకము అనేక దేశములలో చదువబడెను. ప్రార్థనకు జవాబుగా వచ్చిన థేలర్లను గూర్చి మన ప్రసంగీకులు తరచుగా చెప్పుదురు గాని, ఆయన వ్యాపార దక్షతను గూర్చి చెప్పరు. రెండును నిజమే. వైద్యుడు క్రిస్టియన్ ఫ్రెడరిక్ రిఖ్టర్ చేతిక్రింద తయారైన ఔషధములు దూరదేశములకు ఎగుమతియై గొప్ప ఆదాయము తెచ్చినవి. హైన్రిఖ్ యూలియస్ ఎలెర్స్ అను యువకుడు ఫ్రాంకె ప్రసంగమొకటి అచ్చువేయించి లైప్‌జిగ్ సంతకు తీసికొనిపోయి అమ్మెను. దాని నుండి పెద్ద పుస్తకశాలయు ముద్రణాలయమును పెరిగినవి. 1710లో కాన్‌స్టైన్ ప్రభువు ఫ్రాంకెతో కలిసి బైబిలు ముద్రణ సంస్థను స్థాపించెను. పుటల అచ్చులను విప్పివేయక అట్లే నిలిపి యుంచి మరల మరల ముద్రించుట వారి యుక్తి. 1712లో వెలువడిన క్రొత్త నిబంధన వెల రెండు గ్రోషన్లు. అనగా ఆ మొదటి విద్యార్థి ఉపాధ్యాయుని వారపు వేతనములో మూడవ వంతు.

ఆయన భార్య అన్నా మగ్దలేనా 1694లో ఆయనను వివాహమాడిన కులీన స్త్రీ. కాపరి యింటి ప్రక్కగదిలో బడి, గుమ్మమున బీదలు, నట్టింట విద్యార్థులు ఉండగా ఆ యిల్లు నడిపినది ఆమెయే. సహాయక కాపరియు, తరువాత అల్లుడునైన ఫ్రైలింగ్‌హౌసెన్ 1704లో ప్రకటించిన కీర్తనల పుస్తకము ఆ సమాజపు గొంతుకగా నుండెను.

ఇక ఆ సమాజమున బ్రదుకు ఎట్లుండెను? లేచుటకు, ప్రార్థించుటకు, చదువుటకు, పనిచేయుటకు గంటలు నియమింపబడి యుండెను. పిల్లలకు ఆటలు లేవు. వానికి బదులుగా తోటపని, కొయ్యపని, నడక. ఒంటరిగా విడువబడిన బిడ్డ చెడిపోవునని ఫ్రాంకె భయము. కులీనుల బిడ్డల కొరకు పెట్టిన పాఠశాలలో 1710 నుండి 1716 వరకు చదివిన జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు, తరువాత మొరేవియన్ సహోదరులకు నాయకుడై, హాల్లె నుండి కొంత పుచ్చుకొని కొంత విడిచిపెట్టెను. బల్లయొద్ద కూర్చున్న విద్యార్థి నడవడియు పరిశీలనకు లోనయ్యెడిది. దగ్గరగా ఎరుగవలెనను ప్రేమయు, దగ్గరనుండి కనిపెట్టవలెనను అనుమానమును ఒకే తలుపు గుండ లోనికి వచ్చినవి. భోజనము పెట్టు ప్రతి సంస్థయందును ఈ అపాయము కలదు. ఫ్రాంకె దానిని ఎల్లప్పుడు తప్పించుకొనలేదు.

అందుకు మిక్కిలి విచారకరమైన ఉదాహరణము క్రిస్టియన్ వోల్ఫ్ సంగతి. వోల్ఫ్ అదే విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రము, గణితశాస్త్రము బోధించు ప్రసిద్ధ ఆచార్యుడు. 1721లో ఆయన చేసిన ఉపన్యాసమున, క్రీస్తును ఎరుగని చీనా దేశపు జ్ఞాని కన్‌ఫ్యూషియస్ బుద్ధిబలముచేతనే మంచి నీతిని కనుగొనెనని ప్రశంసించెను. వేదశాస్త్ర విభాగము ఉడికిపోయెను. యోవాకిమ్ లాంగె ముందు నడచెను, ఫ్రాంకె వెనుకబడలేదు. ఫిర్యాదులు రాజునకు చేరినవి. 1723 నవంబరులో మొదటి ఫ్రెడరిక్ విలియమ్ రాజు, వోల్ఫ్ నలుబదియెనిమిది గంటలలో దేశము విడువవలెననియు, లేనియెడల ఉరితీయబడుననియు ఆజ్ఞాపించెను. ఉరి మాట అందరిని అదరగొట్టినను, ఆ వెళ్లగొట్టుటను దేవుని కార్యముగా ఎంచి సంతోషించినవారిలో ఫ్రాంకె యొకడు. ముప్పది రెండు సంవత్సరముల క్రిందట ఎర్‌ఫుర్ట్ నుండి నలుబదియెనిమిది గంటల గడువుతో వెళ్లగొట్టబడినవాడు తానే యని ఆయనకు జ్ఞాపకము రాలేదా? వచ్చియుండును. కాని తనది సత్యము నిమిత్తమైన శ్రమ, వోల్ఫ్‌ది అపాయకరమైన అసత్యమని ఆయన నిశ్చయము. తాము సత్యము నిమిత్తము బాధపడితిమని నమ్మువారే ఇతరులను బాధపెట్టునప్పుడు మిక్కిలి నిశ్చింతగా నుందురు. మనము ఆయనను ఆదరించుచున్నాము గనుక ఈ పుటను మూసిపెట్టరాదు. వోల్ఫ్ 1740లో క్రొత్త రాజు పిలుపున హాల్లెకు మరలి వచ్చెను. అప్పటికి ఫ్రాంకె లేడు.

ఇంతకును మన దేశముతో ఆయన సంబంధము ఎట్లు కలిగెను? డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్ తన వలస స్థలమగు తరంగంబాడికి మిషనెరీలను పంపదలచి తన దేశమున వెదకగా దొరకలేదు. హాల్లెలో చదివిన ఇద్దరు యువకులు, బర్తొలొమేయు సీగెన్‌బాల్గ్, హైన్రిఖ్ ప్లూట్షౌ, ఆ పనికి సిద్ధపడి 1706 జూలై 9వ తేదీన తరంగంబాడిలో దిగిరి. పంపినది డెన్మార్కు రాజు. జ్ఞాపకముంచుకొని పోషించినది హాల్లె. 1710 నుండి ఫ్రాంకె వారి ఉత్తరములను అచ్చువేయించి ఐరోపా అంతట చదివించెను. హాల్లెలో పోతపోసిన తమిళ అక్షరములు ఓడమీద వచ్చినవి. సీగెన్‌బాల్గ్ తరంగంబాడిలో బడులు పెట్టి, పిల్లలకు వసతియు భోజనమును కల్పించినప్పుడు, ఆయన కన్నుల ముందర నున్నది గ్లౌఖా నమూనాయే.

1719లో తరంగంబాడి చేరిన మరియొక హాల్లె విద్యార్థి బెంజమిన్ షుల్జ్. సీగెన్‌బాల్గ్ సగములో విడిచిపోయిన తమిళ పాత నిబంధనను ఇతడు ముగించెను. సహపనివారితో ఇతనికి పొసగలేదు. స్వభావము కఠినమనియు, భాష విషయమున తొందరపాటు మనిషియనియు అందురు. మద్రాసునకు పోగా అక్కడ తెలుగు మాటలాడువారు అనేకులు కనబడిరి. షుల్జ్ తెలుగు నేర్చుకొని, 1728లో తెలుగు వ్యాకరణమొకటి వ్రాసి, బైబిలును తెలుగు చేయ మొదలిడి, 1732 నాటికి ముగించెను. బైబిలు భాషాంతరపు పనిలో వెండ్రుకలు నెరసిన నాకు, ఆ తెలుగులోని తప్పులను ఎంచుట సులభము. వ్యాకరణము గాని నిఘంటువు గాని చేతికియ్యబడకుండ, మద్రాసు వీధిలో విన్న తెలుగుతో ఆదికాండము మొదలుపెట్టు ధైర్యము నాకు ఉండియుండదు.

ఆ తెలుగు పని సగములో నుండగానే హాల్లెలో పెద్దదిక్కు ఒరిగిపోయెను. 1726 చివర ఫ్రాంకెకు పక్షవాతము తగిలెను. కొంత కోలుకొని, 1727 మే నెలలో విద్యార్థులకు కడపటి పాఠము చెప్పి, జూన్ 8వ తేదీన కన్ను మూసెను. ఆయన వయస్సు అరువది నాలుగు. ఆనాటికి ఆయన బడులలో 2,200 మందికి పైగా బాలబాలికలు చదువుచుండిరి. అనాథలు నూరుమందికి పైబడి యుండిరి. ఇరువది నలుగురితో మొదలైన బల్లయొద్ద దాదాపు 250 మంది విద్యార్థులు ప్రతిదినము భుజించుచుండిరి. కుమారుడు గోట్‌హిల్ఫ్ ఔగుస్ట్ బాధ్యత వహించెను.

కుమారుని కాలమున, హాల్లె అనాథశాలలో పాఠము చెప్పిన హైన్రిఖ్ మెల్కియోర్ మ్యూలెన్‌బర్గ్ 1742లో అమెరికా వెళ్లి, చెదరియున్న లూథరన్లను కూర్చి, 1748లో పెన్సిల్వేనియా మినిస్టీరియము స్థాపించెను. సరిగా నూరు సంవత్సరములకు, 1842 జూలై 31వ తేదీన, ఆ అమెరికా లూథరన్ల సంఘము నుండి వచ్చిన ఫాదర్ హయ్యరు గుంటూరులో అడుగుపెట్టి బడి తెరచెను. ఆ సంస్థల విషయము: హాల్లె విశ్వవిద్యాలయము 1817లో లూథరుని విట్టెన్‌బర్గ్ విశ్వవిద్యాలయముతో కలిసిపోయెను. ఫ్రాంకె సంస్థలు 1946లో స్వతంత్రత కోల్పోయి, జర్మనీ మరల ఏకమైన పిమ్మట తిరిగి నిలువబడినవి.

షుల్జ్ 1743లో ఆరోగ్యము చెడి హాల్లెకు తిరిగి వెళ్లెను. ఆయన తెలుగు బైబిలు అచ్చుకాలేదు, వ్రాతప్రతిగానే నిలిచెను. కాని ఆయన ఊరకుండలేదు. హాల్లెలోనే తెలుగు అక్షరములు పోతపోయించి, 1746, 1747 సంవత్సరములలో క్రైస్తవ ప్రశ్నోత్తరము మొదలగు చిన్న పుస్తకములను తెలుగున ముద్రింపించెను. ముద్రితమైన తెలుగు పుస్తకములలో అవి మొట్టమొదటివిగా ఎంచబడుచున్నవి. ఒక్క తెలుగువాడును లేని ఆ పట్టణమున, గుండ్రని మన అక్షరములు తడి కాగితముల మీద ఆరుచుండగా, ప్రక్క భోజనశాలలో ఆనాటి విద్యార్థులు తమ రెండు గంటల పాఠము ముగించుకొని వచ్చి బల్లయొద్ద కూర్చుండెడివారు. షుల్జ్ 1760లో మరణించువరకు వారి నడుమనే నివసించెను.